మోకాలెత్తు అల

ఫిబ్రవరి పదకొండో తేదీ మంగళవారం పొద్దున తొమ్మిదింబావుకు, కోరుట్లలో ఒక దర్జీ దుకాణం గుమ్మం పక్కన, నల్లరంగు పూసిన చెక్క పలక మీద సుద్దతో రాసిన మూడు వరుసలు చదివాను.

బంగాళాఖాతం: చీలమండ.
అరబ్బు సముద్రం: మోకాలు.
ఒమన్ దిక్కు: నడుము.

దర్జీ దుకాణం కదా, ఎవరివో కొలతలు అనుకున్నాను. కానీ బంగాళాఖాతానికి జాకెట్టు కుట్టించేవాళ్ళు ఎవరూ ఉండరు. లోపలికి వెళ్ళి దర్జీని అడిగాను.

ఆయన కత్తెర ఆపలేదు. "అలలు మేడం," అన్నాడు. "ఇయ్యాల్టి అలలు."

కోరుట్ల నుంచి ఏ తీరానికి బయల్దేరినా సముద్రం కనబడడానికి ఒక పగలంతా పడుతుంది. అక్కడి అలల ఎత్తు ఇక్కడ గోడకు ఎందుకని అడిగాను. మా ఊరి ఆడవాళ్ళు చదువుతారన్నాడు. ఎందుకు చదువుతారో నేను అడగలేదు. నాకు అప్పుడు అంతకంటే పెద్ద అనుమానం వచ్చింది.

"మోకాలంటే ఎన్ని సెంటీమీటర్లు మాష్టర్?"

"మోకాలంటే మోకాలే మేడం."

"ఎవరి మోకాలు? మీదా, నాదా?"

"నాదే. పడవల ఉన్నది నేను గదా."

జగిత్యాలలో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. రిటైరై కోరుట్లలో స్థిరపడ్డాక కూడా డాబా మీద వాన కొలిచే గాజు గొట్టం పెట్టుకుని, చినుకు పడిన ప్రతి రోజూ నోటుబుక్కులో రాసుకుంటాను. ప్రమాణం లేని కొలత నాకు కంట్లో నలుసు. ఆయన మెడలోని టేపే తీసి పట్టుకొమ్మన్నాను. టేపు ఆయన పట్టుకున్నాడు, అంకె నేను చదివాను. చీలమండ తొమ్మిది సెంటీమీటర్లు, మోకాలు నలభై ఆరు, నడుము తొంభై ఆరు, ఛాతి నూట ఇరవై రెండు, తల నూట అరవై మూడు. చెప్పులు విప్పించి కొలిచాను.

"ముప్పై ఏండ్ల సంది మందిని కొలుస్తున్న," అన్నాడు టేపు మళ్ళీ మెడలో వేసుకుంటూ. "నన్ను కొలిసినోళ్ళు మీరొక్కరే."

మొన్న, ఆయన పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయింది. మర్నాడు ఆయన భార్య నన్ను ఇంటికి పిలిపించి ఆ టేపు నా చేతిలో పెట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పదకొండేళ్ళు గల్ఫులో ఉన్నాడు. దర్జీ వీసా మీద వెళ్ళి, ఆ దుకాణం మూతపడితే, ఓడలను రేవులోకి లాగే చిన్న పడవలో వంటవాడిగా చేరాడు. తిరిగొచ్చి మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు. ఆయన జీవితం గురించి నాకు తెలిసింది ఇంతే. అలవాట్లు మాత్రం చాలా తెలుసు.

దుకాణంలో ప్రతి వస్తువూ దారంతో కట్టి ఉండేది. కత్తెరకు దారం, సుద్దల డబ్బాకు దారం, బల్ల కింది నూనె బుడ్డికి దారం. టీ గ్లాసును బల్ల అంచున పెట్టేవాడు కాదు. తాగే దాకా చేతిలోనే ఉండేది. బట్ట కత్తిరించేటప్పుడు కాళ్ళు రెండూ వెడల్పుగా పెట్టి, నేల ఏ క్షణమైనా ఒక పక్కకు వాలవచ్చన్నట్టు నిలబడేవాడు. కోరుట్లలో నేల కదలడం నేను ఎన్నడూ ఎరుగను. ఆ మాటే అంటే, "నేల మంచిదే మేడం, నా కాళ్ళే ఇంకా పడవల ఉన్నయి," అన్నాడు.

నాకు కుట్టిన ప్రతి జాకెట్టులోనూ కుట్టు లోపల ఒక ఇంచు బట్ట ఎక్కువ వదిలేవాడు. నేను వద్దంటాను, ఆయన వదులుతాడు. "లోపలేసే బట్ట సిరిసిల్లది, గుంజుకుంటది," అనేవాడు. నేను పుట్టింది సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో. మా నాన్న నేసిన బట్ట గుంజుకున్నదని ఎవరూ అనలేదు. ఆ సంగతి చెబితే తల ఊపి, మరుసటి జాకెట్టులో ఒకటింబావు ఇంచు వదిలాడు.

పొద్దున ఏడింటికి ఫోనులో సముద్రపు వాతావరణ సమాచారం చూసేవాడు. ఓడలవాళ్ళకూ జాలర్లకూ రోజూ వచ్చేది అది. గాలి ఏ దిక్కు నుంచి, ఎంత జోరుగా, అల ఎన్ని మీటర్లు అని ఉంటుంది. దాన్ని తన ఒంటి మీదికి మార్చుకుని పలక మీద రాసేవాడు. రంజాన్ నెలలో బట్టల కుప్పల వెనక మనిషి కనబడని రోజుల్లో కూడా పలక మీద కొత్త రాత పడకపోవడం నేను చూడలేదు.

చదివే ఆడవాళ్ళు ఎవరో నాలుగు రోజుల్లోనే తెలిసింది. వాళ్ళ మగవాళ్ళు గల్ఫు రేవుల్లోనూ, సముద్రంలో రాళ్ళు పోసి గట్లు కట్టే బల్లకట్టు పడవల మీదా కూలి చేసేవాళ్ళు. దుబాయిలో మేడలు కట్టే మనిషి భార్య ఎండ గురించి అడుగుతుంది. వీళ్ళు అల గురించి అడుగుతారు. రోజూ వచ్చేవాళ్ళు ఏడుగురు. అందరికంటే ముందు వచ్చేది సుజాత. దుకాణం వెనక సందులో అద్దెకుంటుంది, బీడీలు చుడుతుంది, పుట్టిల్లు రాయికల్. ఆమె భర్త ఒమన్‌లో బల్లకట్టు మీద ఉన్నాడు. చాటలో ఆకు పెట్టుకుని దుకాణం మెట్టు మీదే కూర్చుని చుట్టేది.

"మాష్టర్ సాబ్, మా ఆయన దిక్కు ఎంతున్నది?"

"పలక మీదున్నది చదువు బిడ్డా. బడికి పోయినవా లేదా?"

"పోయిన. నీ రాత చదువుడు బడిల చెప్పలే."

ఆయన నవ్వి చదివి చెప్పేవాడు. మోకాలు అనగానే ఆమె భుజాలు దిగేవి. చాటలోని ఆకు మీదికి చేయి పోయేది.

ఒకరోజు ఆ ఏడుగురికీ అల గురించి పాఠం చెప్పాడు. నేను బడిలో చెప్పిన ఏ పాఠం కన్నా అది బాగుంది. సుద్దపిండి చల్లిన బల్ల మీద గుడ్డ పరిచి, ఒక పక్క అంచు పట్టుకుని విదిలించాడు. మడత లేచి అవతలి అంచు దాకా పోయింది. "గాలి లేపిన అల కండ్లకు కనబడ్తది, దానికి భయపడద్దు," అన్నాడు. "ఇంకోటుంటది. ఎక్కడ్నో కింద, హిందూ మహాసముద్రంల, తుఫాను లేస్తది. అది ఆడ్నే సచ్చిపోతది. అల మాత్రం బయల్దేరి నాలుగైదు దినాలకు మనోళ్ళ కాడికి వస్తది. గాలుండది, మబ్బుండది, నీళ్ళు అద్దం లెక్క ఉంటయి. మెల్లగ లేస్తది, మెల్లగ పంటది. పడవలకు దిగేటోడు దాన్ని చూడడు." దాన్ని ఆయన దూరపు అల అనేవాడు.

నేను రోజూ పలకను నోటుబుక్కులో దించుకునేదాన్ని. వాన లేని నెలలు, నా గాజు గొట్టం ఖాళీగా ఉంది, రాసుకోవడానికి ఏదో ఒకటి కావాలి. మా అక్క మనవరాలు నా ఫోనులో కూడా అదే సమాచారం వచ్చేట్టు పెట్టింది. రెండూ పక్కపక్కన రాస్తూ పోయాను. ఏప్రిల్ పద్నాలుగు నాటికి అరవై మూడు రోజులయ్యాయి. ఒమన్ దిక్కు వరుస ఒక్కటీ లెక్క వేశాను. తొమ్మిది రోజులు పలకా ఫోనూ ఒకటే. యాభై నాలుగు రోజులు పలక ఒక మెట్టు తక్కువ. ఎక్కువ రాసిన రోజు ఒక్కటీ లేదు. సరిపోయిన ఆ తొమ్మిది రోజులూ చూస్తే, అవి చీలమండ రోజులు. చీలమండ కన్నా కిందికి దించడానికి మెట్టు లేదు.

మర్నాడు మంగళవారం. నోటుబుక్కు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పరిచాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని వరుసలన్నీ చూశాడు. తప్పు పట్టుబడిన పిల్లలు ముందు నేల చూస్తారు. ఆయన నా రాత చూసి మెచ్చుకున్నాడు. తర్వాత గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అంగి కుట్టేటప్పుడు ఒక ఇంచు ఎక్కువ పెడ్త మేడం, మనిషి పెరుగుతడని. అల రాసేటప్పుడు ఒక మెట్టు తగ్గిస్త, భయం పెరుగుతదని. నడుమని రాస్తే ఈ పిల్లలు పొద్దంత ముద్ద మింగరు. మోకాలని రాస్తే బీడీలు చుట్టుకుంటరు. ఈడ నేనేం రాసినా ఆడి అల ఆడికే ఉంటది గదా."

నేను ముప్పై నాలుగు మార్కులను ముప్పై ఐదు చేయని టీచర్ని. ఒక్క మార్కు కోసం తల్లిదండ్రులు ఇంటికొచ్చి కూర్చున్నా చేయలేదు. ఆయనకు చెప్పాల్సిన జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. అప్పుడే సుజాత మెట్టెక్కింది. పలక చూసింది. మోకాలు. చాట దించి, టిఫిను డబ్బా మూత తీసి, నన్ను కూడా తినమంది. చింతకాయ తొక్కు, అన్నం. నేను నోటుబుక్కు మూసేశాను.

ఆ రోజు నుంచి మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. నేను ఫోను చూసేదాన్ని, పలక చూసేదాన్ని, ఇంటికి పోయేదాన్ని.

మే ముప్పై, శుక్రవారం పొద్దున పదింటికి ముందే వెళ్ళాను. సుజాత మెట్టు మీద లేదు, దుకాణం లోపల నిలబడి ఉంది. చేతిలో చాట లేదు. ఏడ్చి చాలాసేపైన ముఖం. ఆయన మిషను వెనక కూర్చుని వింటున్నాడు.

జరిగింది ఇది. ఆమె భర్తకు సెలవు మంజూరైంది, గురువారానికి టికెట్టు ఉంది. బల్లకట్టు నుంచి ఒడ్డుకు రావడానికి రెండు దారులు. బుధవారం పోయే చిన్న పడవ, శనివారం వచ్చే పెద్ద పడవ. శనివారం దాకా ఆగితే టికెట్టు పోతుంది, మళ్ళీ సెలవు ఎప్పుడో తెలియదు. మంగళవారం సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, రేపు సముద్రం ఎట్లుంటదో మాష్టరును అడిగి చెప్పమన్నాడు. బల్లకట్టు మీద మన దిక్కువాళ్ళు ఆరుగురు ఉన్నారట. మేస్త్రీ మాట కన్నా కోరుట్ల మాష్టర్ పలకనే ఎక్కువ నమ్ముతారట. మాష్టర్ పడవలో ఉన్న మనిషి కదా. సుజాత బుధవారం పొద్దున పలక చదివి ఫోనులో చెప్పింది.

"నేనే చెప్పిన మాష్టర్ సాబ్," అంది. "మోకాలే, దిగి రా అన్న."

ఆ రోజు అల నడుమెత్తు. గాలి లేదు. దూరపు అల. పైనుంచి చూస్తే నీళ్ళు నున్నగా ఉన్నాయట. నిచ్చెన దిగి చిన్న పడవలో కాలు పెట్టేసరికి పడవ లేచింది. నిచ్చెన పట్టుకున్న కుడిచేయి పడవ అంచుకూ బల్లకట్టు ఇనుముకూ మధ్య ఇరుక్కుంది. చూపుడు వేలూ మధ్య వేలూ అక్కడే పోయాయి. మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు.

పలక మీది మాట ఇక్కడి ఆడవాళ్ళ కోసమే అని మాష్టర్ అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. అది ఫోనెక్కి తిరిగి సముద్రానికే పోతుందని, అక్కడ ఒక మనిషి దాన్ని నమ్మి నిచ్చెన దిగుతాడని, పడవలో ఏళ్ళ తరబడి వండిన ఆయనకు తట్టలేదు. లెక్కలు చెప్పిన నాకూ తట్టలేదు.

ఆమె వెళ్ళిపోయాక ఆయన లేచి పలకను చేత్తో తుడిచాడు. తర్వాత తడిగుడ్డతో తుడిచాడు. నేను నోటుబుక్కు విప్పలేదు.

జూన్ నెలంతా పలక ఖాళీగా ఉంది. బక్రీదు బట్టలు కుట్టాడు, బడి యూనిఫారాలు కుట్టాడు. మిగతా ఆరుగురు ఆడవాళ్ళు వచ్చి నల్లటి పలక చూసి పోయేవాళ్ళు. ఒకామె, ఏమీ రాయకపోతే తలకన్నా ఎక్కువ ఉన్నట్టే అనిపిస్తుందని నాతో అంది.

సుజాత భర్త జూన్ ఇరవై ఆరున ఇల్లు చేరాడు. జూలై ఏడు, సోమవారం, పదకొండు గంటలకు భార్యతో కలిసి దుకాణానికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, పొడుగు, కుడిచేయి గుడ్డలో చుట్టి ఉంది. పొడుగు చేతుల అంగి కుట్టాలన్నాడు. మాష్టర్ టేపు తీసి భుజం కొలిచాడు, ఛాతి కొలిచాడు. కుడిచేయి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

అప్పుడు అతను అడిగాడు. "ఆ దినం సముద్రం నిజంగ ఎంతుండె మాష్టర్ సాబ్?"

సుజాత తల తిప్పి చూసింది. ఆయన టేపు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. కాళ్ళు వెడల్పుగా లేవు, దగ్గరగా ఉన్నాయి.

"నడుము," అన్నాడు. "నేను మోకాలని రాసిన. రోజు అట్లనే రాస్త."

"నాకు తెల్సు. నేను అందుల్నే ఉన్న గదా."

"మరెందుకు అడిగినవ్ బిడ్డా?"

"నువ్వు చెప్తవా లేదా అని అడిగిన."

ఇక నేను దాచుకోవడానికి లేదు. నాకు ఏప్రిల్ పదిహేను నుంచి తెలుసునని చెప్పాను. సుజాత నన్ను చాలాసేపు చూసింది. ఆ రోజు నాకు అన్నం పెట్టిన చెయ్యి అది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. తిట్టలేదు. పలక వైపు చేయి చూపించి మాష్టరుతో మాట్లాడింది.

"ఇంక ఐదుగురు ఆడ్నే ఉన్నరు. వాండ్ల పెండ్లాలు రోజు వచ్చి పోతున్నరు. రేపటి సంది రాయి. సుద్ద నువ్వు పట్టు, లెక్క టీచరమ్మ చెప్తది. మీ ఇద్దర్ల ఒకలకన్నా సిగ్గుంటది గదా."

జూలై ఎనిమిది, మంగళవారం, ఏడు గంటలకు ఫోన్ చేసి అంకె చెప్పాను. రెండు మీటర్ల పైనే. తొమ్మిదింబావుకు వెళ్ళి చూస్తే పలక మీద ఒమన్ దిక్కు "తల మీద" అని ఉంది. కింద కొత్తగా ఇంకో వరుస రాశాడు: "నిచ్చెన దిగొద్దు. రాసిన అల వెనక దానికి రెండింతలది ఒకటి వస్తది." ఆడవాళ్ళు చదివారు. ఒకామె మెట్టు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత లేచి ఫోన్ తీసి, ఆ వరుసను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ అవతలి మనిషికి చదివి వినిపించింది. మిగతావాళ్ళూ ఫోన్లు తీశారు. వాళ్ళు ఆ పూట ముద్ద మింగారో లేదో నాకు తెలియదు. పలక ఎందుకుందో మాత్రం ఆ పూటే తెలిసింది.

ఆ అంగిని ఆయన నాలుగు రోజులు కుట్టాడు. మామూలుగా ఒక పూట పని. ముందు వరుసలో బొత్తాలు ఉన్నాయి, కానీ అవి పైకి కనబడడానికి కుట్టినవి. వాటి కింద నొక్కితే పట్టుకునే టిచ్ బటన్లు పెట్టాడు. ఎడమచేతి బొటనవేలితో నొక్కితే చాలు. చూసేవాళ్ళకు తేడా తెలియదు. సుజాత భర్త దాన్ని అక్కడే వేసుకుని, తనంతట తాను పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇండ్ల కూడ ఒక ఇంచు ఎక్కువ పెట్టినవా?" అని అడిగాడు. పెట్టాను అన్నాడు మాష్టర్.

మేమిద్దరం నూట తొంభై ఏడు రోజులు ఆ పని చేశాం. నేను అంకె చెప్తాను, ఆయన మెట్టుకు మారుస్తాడు. రెండు మెట్ల మధ్య పడిన రోజు పై మెట్టే రాయాలని నియమం పెట్టాను. ఆయన ఎన్నడూ కాదనలేదు. ఒక్కోసారి "మీ ముప్పై నాలుగు మార్కుల పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నరు మేడం?" అని మాత్రం అడిగేవాడు. నేను తర్వాతి వరుస అంకె చెప్పేదాన్ని.

జనవరి ఇరవై, మంగళవారం, పలక రాసి, టీ తాగి, గ్లాసు చేతిలో ఉండగానే కుర్చీలో వెనక్కి వాలాడట. గ్లాసు కింద పడలేదని, వేళ్ళు విప్పి తీయాల్సి వచ్చిందని ఆయన భార్య చెప్పింది. ఆ రోజు పలక మీద ఒమన్ దిక్కు మోకాలు. ఫోనులో కూడా మోకాలే.

పలక ఇప్పుడు సుజాత ఇంటి గోడకు ఉంది. ఆమె రాస్తుంది, నేను అంకె చెప్తాను. మొదటి రోజు అంకె చెప్పగానే నన్ను ఆపి అడిగింది: "మోకాలంటే ఇప్పుడు ఎవరిది రాయాలె టీచరమ్మా, నాదా, నీదా?" మాష్టర్‌దే రాయమన్నాను. కొలత నా నోటుబుక్కులో ఉంది.

పోయినవి రాసి ముగిస్తాను. సుజాత భర్త కుడిచేతి వేళ్ళు రెండు. ఒమన్ ఉద్యోగం ఒకటి. పలక ఖాళీగా ఉన్న రోజులు ముప్పై ఎనిమిది. ఏప్రిల్ పదిహేను నుంచి మే ఇరవై ఎనిమిది దాకా, తెలిసీ నేను ఊరుకున్న రోజులు నలభై నాలుగు. మాష్టర్ మోకాలు ఒకటి, నలభై ఆరు సెంటీమీటర్లు.